అద్దంలా మెరిసిన గొట్టం

పిల్లల ఊపిరితిత్తుల విభాగంలో ఆమెను అసలు పేరుతో పిలిచేది జీతాల గుమాస్తా ఒక్కడే. మిగతా అందరికీ ఆమె పీల్చమ్మ. ఉబ్బసం ఉన్న పిల్లల ఎదురుగా కూర్చుని, మూతికి మాస్కు పెట్టి, "పీల్చమ్మా, పీల్చు, ఇంకొంచెం పీల్చు" అంటూ సగం జీవితం గడిపినందుకు దక్కిన బిరుదు అది. ఆసుపత్రి ఇచ్చిన హోదా వేరు: కుటుంబ సహాయకురాలు. ఆ మాట వింటే ఆమె ముక్కు పైకి లేచేది. "సహాయం కావాలని అడిగిన కుటుంబం ఒక్కటుంటే చూపించండి, వాళ్ళ ఇంటి గడప తుడిచి వస్తాను" అనేది.

పని చెప్పుకోవడానికి చిన్నదే. డాక్టరు మందు రాస్తాడు, తల్లి తీసుకుని ఇంటికి వెళ్తుంది. డాక్టరు బల్ల నుంచి పిల్ల ఊపిరితిత్తుల దాకా ఉన్న దారిలో అత్తగారు, పక్కింటావిడ, అన్నీ తెలిసిన బాబాయి, ఫోనులో వచ్చిన వీడియో తలా ఒక చోట కాపు కాసి ఉంటారు. వీళ్ళందరినీ దాటుకుని మందు లోపలికి చేరిందో లేదో చూసి రావాలి. ఇదే పీల్చమ్మ ఉద్యోగం. అందులోనూ ఉబ్బసం మహా చిక్కు జబ్బు. పిల్లకు ఊపిరాడకపోతే ఇంటిల్లిపాదీ మందు పట్టుకుని పరుగెడతారు. కానీ అసలు మందు వేయాల్సింది పిల్ల శుభ్రంగా గెంతుతున్నప్పుడు, గెంతుతున్న ప్రతి రోజూ. ఇది ఏ ఇంటికీ మింగుడుపడదు.

"మందు పీల్చే ఈ పంపు అలవాటైతే జన్మంతా వదలదటగా మేడమ్" అని అడిగే పెద్దావిడ ప్రతి వీధిలోనూ ఒకరుంటారు.

"తిండి కూడా వదలదండీ. రేపటి నుంచి మాన్పించేద్దామా?" అనేది పీల్చమ్మ.

విభాగం గోడ మీద ఒక పెద్ద పోస్టరు ఉంది. నవ్వే తండ్రి, అంతకంటే ఎక్కువ నవ్వే తల్లి, మధ్యలో బెలూన్ పట్టుకున్న పిల్లాడు. కింద "ప్రేమే సగం మందు" అని అక్షరాలు. మిగతా సగం ఏమిటో ఆ పోస్టరు వేయించిన పెద్దమనిషి చెప్పలేదు. పీల్చమ్మ దాని ఫ్రేముకు గొడుగు తగిలించేది. ఆ గదిలో ఆ పోస్టరు వల్ల కలిగిన ప్రయోజనం అదొక్కటే.

మొదట్లో ఆమె ఇలా ఉండేది కాదు. వార్డులో నర్సుగా చేసి, నడుం నొప్పి వచ్చి, ఈ ఇంటింటి పనికి మారిన కొత్తలో ఎవరేం చెప్పినా నమ్మేది. ఒక తండ్రి రోజూ మందు వేస్తున్నానన్నాడు. పంపు వెనక ఉండే లెక్క కూడా సరిపోయింది. నొక్కినప్పుడల్లా ఒకటి తగ్గే అంకె అది, అబద్ధమాడదని ఆమె నమ్మకం. ఆసుపత్రి హాల్లో ఉన్న తల్లిదండ్రులందరి చేతా ఆయనకు చప్పట్లు కొట్టించింది. తరువాతిసారి ఆసుపత్రి వెనక బస్టాపులో అదే మనిషి గోడ వైపు తిరిగి నిలబడి కనిపించాడు. పంపు ఊపుతున్నాడు, తుస్సు తుస్సుమని గాల్లోకి కొడుతున్నాడు. లోపలికి వెళ్ళేముందు అంకె తగ్గించుకుంటున్నాడన్న మాట.

"ఏం చేస్తున్నారు?"

"పనిచేస్తుందో లేదో చూస్తున్నానండీ."

"గోడకు ఉబ్బసమా?"

ఆ రోజు నుంచి పీల్చమ్మ నమ్మడం మానేసింది. కొందరు సిగరెట్టు మానేసినట్టు, పూర్తిగా, కాస్త గొప్పగా. ఆ తరువాత మాటలను పట్టించుకోలేదు, వస్తువులను చూసింది. పంపును పిల్ల మూతికి కలిపే స్పేసర్ అనే ప్లాస్టిక్ గొట్టమే ఆమెకు సాక్షి. చిన్న సీసాలా ఉంటుంది. ఒక వైపు పంపు దూరుస్తారు, రెండో వైపు మాస్కు. మందు అందులో నిలిస్తే పిల్ల మెల్లగా పీలుస్తుంది. వాడిన గొట్టం వాడినట్టే ఉంటుందని ఆమె సిద్ధాంతం. మాస్కు అంచున ఎండిన పాలచుక్క, పళ్ళ గాట్లు, సగం ఊడిన బొమ్మ స్టిక్కరు, కింద పడిన గీత. ఇవి ఉంటే మందు పడుతున్నట్టు. లేకపోతే గొట్టం అలమారాలో నిద్రపోతున్నట్టు. ఈ చూపుతో ఆమె ఎంతోమందిని పట్టుకుంది. డాక్టరు ఎక్స్‌రే కంటే ఆమె మాటనే ఎక్కువ నమ్మేవాడు. అనుమానం తరచుగా నిజమవుతుంటే దాన్ని అనుభవం అంటారు. తప్పయినప్పుడు ఏమంటారో ఆ విభాగంలో ఎవరికీ అప్పటిదాకా తెలుసుకోవాల్సిన అవసరం రాలేదు.

కళ్ళద్దాల తాత ఇంటికి ఆమె మొదటిసారి వెళ్ళింది మందు నేర్పించడానికే. ముందు గది దుకాణం. గాజు బీరువాలు, వరసగా ఫ్రేములు, కిటికీ దగ్గర అద్దాలు అరగదీసే బల్ల. ఆయన భుజం మీద ఎప్పుడూ ఒక మెత్తటి గుడ్డ ఉంటుంది. వచ్చినవాడి కళ్ళద్దాలు అడక్కుండానే తీసి తుడిచి తిరిగి పెట్టే రకం. వెనక రెండు గదుల్లో ఆయనా, కుట్టు కార్ఖానాలో పనిచేసే కూతురూ, మనవరాలూ ఉంటారు. అల్లుడు లారీ డ్రైవరు. ఆ ఇంట్లో చుట్టం కిందే లెక్క. పిల్లకు రెండో తరగతి. ఛాతీలో ఎప్పుడూ పిల్లికూతలు వినిపిస్తాయని తాత దాన్ని పిల్లి అని పిలుస్తాడు, బడిలో కూడా ఆ పేరే నిలిచిపోయింది.

పీల్చమ్మ పాఠం చెప్పింది. ఊపడం, దూర్చడం, మాస్కు గట్టిగా ఆనించడం, పీల్చడం. గొట్టం కడగడం మీద కూడా ఆమెకు ఒక పాఠం ఉంది. ఏ ఇంట్లోనూ వదలదు, నలుగురికీ వినపడేలా చెబుతుంది. కానీ ఇక్కడ గచ్చులో తన ముఖం కనిపిస్తోంది. బల్ల మీద దుమ్ము కణం లేదు.

"శుభ్రత గురించి మీకు నేను చెప్పడమేంటి లెండి" అని సంచి మూసేసింది.

తాత మొహం వెలిగింది. పీల్చమ్మ ఎవరినైనా మెచ్చుకోవడం అరుదని ఆయనకు తెలియదు.

వారాలు గడిచాయి, పిల్లికూతలు తగ్గలేదు. మెట్లెక్కితే పిల్ల ఆగిపోతోంది, బడిలో ఆటల గంటలో గోడకానుకుని కూర్చుంటోంది. పీల్చమ్మ మళ్ళీ వెళ్ళింది. గొట్టం చూపించమంది. తల్లి తెచ్చి ఇచ్చింది. కిటికీలోంచి వచ్చిన వెలుతురు దాని మీద పడి గది అవతలి గోడ మీద ఆడింది. ఒక్క మరక లేదు, ఒక్క గాటు లేదు.

"రోజూ వేస్తున్నారా?"

"రెండు పూటలా వేస్తున్నామండీ."

"దీంతోనేనా?"

"ఇంట్లో ఉన్నది అదొక్కటేగా మేడమ్."

"పెట్టెలోంచి ఇప్పుడే దిగినట్టుందే."

"మరి చూసుకోవద్దా అమ్మా?" అన్నాడు తాత, కాస్త గర్వంగా.

వేసి చూపించమంటే చూపించారు. ఎక్కడా వంక లేదు. బట్టీ పట్టిన పిల్లలు పరీక్ష రాసినట్టు ఉంది. ఆ తీరు చూశాక పీల్చమ్మకు ఉన్న కాస్త సందేహమూ తీరిపోయింది. తప్పులు చేస్తే నేర్చుకోలేదనేది, తప్పులు లేకపోతే నటిస్తున్నారంది. ఈ రెండింటి మధ్య నిజం చెప్పేవాడు నిలబడడానికి ఆమె ఎక్కడా చోటుంచలేదు.

"అలమారాలో పెట్టి అపురూపంగా చూసుకుంటున్నారు. పిల్లకు మాత్రం వేయట్లేదు" అని డాక్టరుతో చెప్పింది.

"పంపు అంకె సరిగ్గానే ఉంది కదా సిస్టర్?"

"గోడలకు వేసుంటారు."

డాక్టరు పిల్లను వార్డులో చేర్చుకున్నాడు. అవే మందులు, అంతే మోతాదు. నర్సులు వేశారు, వార్డు గొట్టంతో వేశారు. వారం తిరగకుండా పిల్ల ఛాతీ తేటపడింది. వరండా ఈ చివరి నుంచి ఆ చివరికి పరుగెత్తి వచ్చి ఆయాసం లేకుండా నవ్వింది. ఇంకేం కావాలి? హాల్లో మిగతా తల్లులు వింటుండగా డాక్టరు ఆ తల్లిని నిలబెట్టి ప్రేమ గురించి, బాధ్యత గురించి మాట్లాడాడు. మంచి ఉపన్యాసం, ఇదివరకు కూడా వాడినదే.

"మేం వేశామండీ" అంది తల్లి.

"వేస్తే ఇక్కడ తగ్గింది అక్కడెందుకు తగ్గలేదమ్మా?"

"తెలీదండీ. మేం మాత్రం వేశాం."

అబద్ధమాడేవాళ్ళ దగ్గర సాకులు సంచెడు ఉంటాయి. కరెంటు పోయిందనీ, చుట్టాలొచ్చారనీ, పిల్ల ఏడ్చిందనీ చెబుతారు. ఈమె దగ్గర ఒక్క వాక్యమే ఉంది. ఇన్నేళ్ళ అనుభవం ఉన్న మనిషికి ఆ తేడా తెలియాలి. పీల్చమ్మ ఆ పూట గొడుగు దులుపుకుంటోంది.

ఇంటికెళ్ళాక మళ్ళీ పిల్లికూతలు మొదలయ్యాయి. ఈసారి డాక్టరు ఉపన్యాసం ఇవ్వలేదు. ఊరి అవతల ఆసుపత్రి వాళ్ళదే ఒక బడి ఉంది. దీర్ఘకాలపు జబ్బులున్న పిల్లలు అక్కడే ఉండి చదువుకుంటారు. మందులు నర్సులే వేస్తారు, తల్లిదండ్రులు ఆదివారం వచ్చి చూసిపోవచ్చు. పిల్లను విద్యాసంవత్సరం పూర్తయ్యే దాకా అక్కడ పెడదామన్నాడు. ఇంట్లో వేయరు కాబట్టి ఇంట్లో ఉంచకూడదు. తర్కం చక్కగా ఉంది, ఒక్క పిల్లకు ఇల్లు పోతుందన్న మాట తప్పితే.

"వేయకపోతే తీసుకుపోండి. వేస్తుంటే?" అన్నాడు తాత.

"వేస్తుంటే తగ్గేది కదా పెద్దాయనా."

తాత పీల్చమ్మ వైపు తిరిగాడు. "మీరు మా ఇంటికొచ్చి చూశారు కదమ్మా."

"చూశాను కాబట్టే" అంది ఆమె.

తల్లి ఆ బడి కాగితం మీద సంతకం పెట్టనంది. కూర్చున్న కుర్చీలోంచి లేవలేదు, గొంతు పెంచలేదు. "దొంగతనం చూసినవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి, పెడతాను" అంది.

ఆ మాట పీల్చమ్మకు గుచ్చుకుంది. నిజానికి ఎవరూ చూడలేదు. అయితే చూస్తాను, సంతకానికి అడ్డం లేకుండా చేస్తాను అనుకుని, మర్నాడు బడి వేళకు ముందే, చెప్పకుండా, వెనక సందులోంచి వాళ్ళింటికి వెళ్ళింది. వెనక తలుపు తెరిచి ఉంది. బట్టలారేసే తీగ చాటున, దుప్పటి పక్కన నిలబడింది. ఆ వయసులో, ఆ నడుంతో, వేరేవాళ్ళ దుప్పటి చాటున నిలబడడం మర్యాద కాదని ఆమెకు తెలుసు. ఉద్యోగంలో భాగమని సర్దిచెప్పుకుంది.

లోపల పిల్లకు ఒక జడ వేసి ఉంది, ఇంకోటి విడిగా వేలాడుతోంది. తల్లి నోట్లో రిబ్బను పట్టుకుని, పంపు ఊపి, గొట్టానికి దూర్చి, మాస్కు ఆనించింది. రిబ్బను నోట్లో ఉండగానే "ఊఁ, ఊఁ" అంటూ తల ఆడిస్తుంటే పిల్ల పీల్చింది. మెల్లగా, నిండుగా, కళ్ళు తిప్పుకుంటూ. చూసేవాళ్ళెవరూ లేరు. నటించడానికి ఎవరూ లేని చోట కూడా వాళ్ళు ఏ వంకా లేకుండా వేశారు.

దొంగను పట్టుకుందామని వచ్చిన పీల్చమ్మ దుప్పటి చాటునే ఉండిపోయింది.

అప్పుడు తాత వచ్చి గొట్టం తీసుకున్నాడు. భుజం మీది గుడ్డ దించి, నోటితో ఆవిరి ఊది, తుడవడం మొదలుపెట్టాడు. పైన, లోపల, వేలికి గుడ్డ చుట్టి మూలమూలలా, అద్దాలకు చేసినంత శ్రద్ధగా, కిటికీకి ఎత్తి చూసుకుంటూ, మళ్ళీ రుద్దుతూ.

"తాతా, ఇటివ్వు, ఒక్కసారి" అంది పిల్ల. లాక్కుని బల్ల దగ్గరికి పరుగెత్తింది. కొత్త ఫ్రేములకు చుట్టి వచ్చే పల్చటి కాగితాన్ని చింపి చల్లి ఉంచింది అక్కడ. గొట్టాన్ని పైన పట్టుకుంది. ముక్కలు కదిలాయి, నిలబడ్డాయి, ఎగిరి గొట్టానికి అతుక్కున్నాయి.

పీల్చమ్మ దుప్పటి పక్కకు నెట్టి లోపలికి వచ్చేసింది. తల్లి చేతిలోంచి దువ్వెన జారింది.

"అదేంటే?"

"చేపలు, పీల్చత్తా" అంది పిల్ల, దొంగచాటుగా వచ్చిన మనిషిని చూసి ఏమాత్రం ఆశ్చర్యపడకుండా. "తాత ఎంత గట్టిగా తుడిస్తే అన్ని చేపలు పడతాయి."

పీల్చమ్మ గొట్టం చేతిలోకి తీసుకుంది. కాగితం ముక్కలు దులిపినా పోలేదు. ప్లాస్టిక్కును గుడ్డతో రుద్దితే దానికి లాగే గుణం వస్తుంది. కాగితాన్ని లాగినట్టే మందు పొగనూ లాగుతుంది. పంపు కొట్టగానే మందులో ఎక్కువ భాగం గొట్టం గోడలకు అతుక్కుపోయేది, పిల్ల మిగిలిన గాలి పీల్చేది. వార్డు గొట్టాన్ని ఎవరూ తుడవరు, సబ్బునీళ్ళలో ముంచి కొక్కేనికి వేలాడదీస్తారు, శ్రద్ధతో కాదు, తీరిక లేక. ఆ నిర్లక్ష్యమే పిల్లకు ఊపిరి పోసింది. ఈ ఇంట్లో ప్రేమ, పోస్టరులో చెప్పిన ప్రేమే, రోజుకు రెండు పూటలా మందును గోడలకు అంటించింది.

"దీన్ని తుడవకూడదు పెద్దాయనా. వారానికోసారి సబ్బునీళ్ళలో ముంచి, అలాగే ఆరనివ్వాలి. తుడిస్తే మందంతా దీనికే అంటుకుంటుంది."

తాత చేతిలోని గుడ్డను మడిచి బల్ల మీద పెట్టాడు. "తుడవొద్దని ఎవరూ చెప్పలేదే."

"నేను చెప్పలేదు."

"అందరికీ చెబుతారా?"

"అందరికీ చెబుతాను."

"మరి మాకు?"

"మీ ఇల్లు చూసి అక్కర్లేదనుకున్నాను."

తాత నవ్వాడు. వినడానికి బాగుండే నవ్వు కాదు. "మొదట గచ్చు చూసి గొప్పవాళ్ళమనుకున్నారు. తర్వాత గొట్టం చూసి దొంగలమనుకున్నారు. మనుషుల్ని ఎప్పుడు చూద్దామనుకున్నారమ్మా?"

ఆమె క్షమించమంది. ఆ మాట ఆమె నోటికి కొత్త, సరిగ్గా రాలేదు. తల్లి పిల్ల రెండో జడ అల్లుతూ తలెత్తకుండానే చెప్పింది. "నాకెందుకండీ. ఆ రోజు నలుగురి ముందూ నిలబెట్టారు. చెప్పేదేదో అక్కడ చెప్పండి. ముందు ఆ బడి కాగితం చింపించండి."

ఆసుపత్రిలో డాక్టరు మొత్తం విన్నాడు, తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు.

"మంచిది సిస్టర్. బడి సంగతి ఆపేద్దాం. ఇక తుడవొద్దని చెప్పారు కదా, తగ్గిపోతుంది. ఈ వెనకటి గొడవంతా ఎందుకు మళ్ళీ? మన కౌన్సెలింగ్ తర్వాత కుటుంబం దారికొచ్చిందని అందాం. అందరికీ బాగుంటుంది."

"వాళ్ళకు బాగుండదు."

"పిల్లకు తగ్గితే చాలు కదా వాళ్ళకు?"

ఇది డాక్టరు చెడ్డవాడై అన్న మాట కాదు. చెడ్డవాళ్ళు ఇంత మెత్తగా మాట్లాడరు. ఒక కుటుంబం పరువు తుడిచేస్తే తమ గోడ మీద ఇంకో పోస్టరుకు చోటు దొరుకుతుందనుకునే మంచితనం ఇది. పీల్చమ్మకు ఆ మంచితనం కొత్త కాదు, దాని మీద ఏళ్ళ తరబడి గొడుగు తగిలించింది.

క్లినిక్కు రోజున హాలు నిండాక ఆమె పోస్టరు కింద నిలబడింది. తాత, తల్లి, పిల్ల వెనక బెంచీలో ఉన్నారు.

"ఈమె మందు వేయలేదని ఇక్కడే అన్నాం. రోజూ వేసింది. గొట్టం తుడవొద్దని నేను చెప్పలేదు, అందుకే పిల్లకు తగ్గలేదు. అబద్ధం ఈమెది కాదు, తప్పు నాది" అంది.

ఇలాంటప్పుడు హాలు నిశ్శబ్దమై కొందరు కళ్ళు తుడుచుకోవాలని పుస్తకాల్లో ఉంటుంది. ఇక్కడ అలాంటిదేమీ జరగలేదు. కాసేపు గుసగుసలు నడిచాయి. తరువాత ముందు బెంచీలోంచి ఒక తండ్రి లేచాడు, ఎప్పటి నుంచో ఎదురుచూస్తున్న అవకాశం దొరికినవాడిలా.

"అయితే మా వాడికి తగ్గకపోవడానికి కూడా మీరే కారణమా మేడమ్?"

"మీ పంపు మీద షాపు వాడి సీలు ఇంకా అలాగే ఉంది నాయనా. ముందు అది చింపండి, తర్వాత నన్ను తిడుదురు గాని."

వెనక బెంచీలో తల్లి మొదటిసారి నవ్వింది, వెంటనే ఆపుకుంది. మెచ్చుకోలేదు, మన్నించలేదు. పిల్లను లేవదీసి, డాక్టరు గదిలోకి వెళ్ళి, బడి కాగితం తన కళ్ళెదుటే చింపించుకుని వచ్చింది.

పీల్చమ్మ మెత్తబడిందనుకుంటే పొరపాటు. ఇప్పటికీ ఎవరి మాటా నమ్మదు. ఆ నమ్మనివాళ్ళ జాబితాలో తన కళ్ళను కూడా చేర్చుకుంది, అంతే. కడగడం పాఠం ఏ గచ్చు ఎంత మెరిసినా వదలదు. కడిగించి, ఆరబెట్టించి మరీ లేస్తుంది. దాంతో ఇంటింటికీ ఆలస్యం, ఇంటింటా విసుగు.

కొన్ని వారాలకు కళ్ళద్దాల దుకాణానికి వెళ్ళింది. పిల్ల గుమ్మంలో తాడాట ఆడుతోంది. ఛాతీ మీద చెవి పెట్టి వింటే ఒక్క కూతా లేదు. లోపల గాజు బీరువా మీద, తళతళలాడే అద్దాల వరస మధ్యలో, గొట్టం తలకిందులుగా ఆరుతోంది. ఒళ్ళంతా నీటి మరకలు, సబ్బు చారలు. తాత దానికి వీపు తిప్పి కూర్చున్నాడు. భుజం మీది గుడ్డను తొడల కింద పెట్టి దాని మీదే కూర్చున్నాడు.

కళ్ళద్దాలు బాగుచేయించుకోవడానికి వచ్చినవాడు వేలు చూపించాడు. "అదేంటి పెద్దాయనా, మీ షాపులో ఇంత మురికి వస్తువు?"

"దాని జోలికి వెళ్ళకు బాబూ" అన్నాడు తాత, పీల్చమ్మ వైపు చూడకుండా. "శుభ్రంగా ఉంచి దొంగలమయ్యాం. ఇప్పుడు మురికిగా ఉంచి దొరలమవుతున్నాం."

పీల్చమ్మ గొట్టాన్ని ఎత్తి వెలుతురుకు పట్టి చూసింది. మాస్కు అంచున ఒక పాలచుక్క ఎండి ఉంది. దాన్ని తుడవకుండా ఉన్నచోటే పెట్టేసింది.